గన్ లైసెన్స్: ఫారం నుంచి లాకర్ దాకా నా అనుభవం

ఆత్మరక్షణ కోసం తుపాకీ లైసెన్సు తీసుకోవాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఏ రివాల్వర్ మంచిది?" అని. ఆ ప్రశ్న ఆఖర్న వస్తుంది. దరఖాస్తు ఫైలు తిరిగే ప్రతి బల్ల మీదా అడిగేది ఒకటే: "మీకెందుకు?" దీనికి నోటిమాట చెల్లదు, కాగితం చూపించాలి. .32 రివాల్వర్‌కి లైసెన్సు తీసుకుని, దాన్ని రెన్యువల్ కూడా చేయించుకున్నాక నాకు తెలిసినదంతా వరసగా రాస్తున్నాను. మన దేశంలో చట్టం అందరికీ ఒకటే అయినా జిల్లాకో ఆనవాయితీ ఉంటుంది. ఏది చట్టమో, ఏది ఆనవాయితీయో వీలైన చోటల్లా విడదీసి చెబుతాను.

ముందు చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం, దాని కింద 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనలు, మళ్లీ 2019లో చేసిన సవరణ: ఈ మూడూ తెలిస్తే చాలు. 2019 సవరణకు ముందు ఒక్కో మనిషికి మూడు తుపాకుల వరకు ఉండొచ్చు, ఇప్పుడు రెండే. వారసత్వంగా వచ్చినదీ ఆ రెండింటి లెక్కలోకే వస్తుంది. లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. తుపాకుల్ని వాడుకలో పీబీ (ప్రొహిబిటెడ్ బోర్, నిషేధిత రకం), ఎన్‌పీబీ (నాన్ ప్రొహిబిటెడ్ బోర్, నిషేధం లేని రకం) అంటారు. బోర్ అంటే గొట్టం లోపలి కొలత. పీబీ అంటే సైన్యం, పోలీసులు వాడే బోర్లు: 9 ఎంఎం, .38, .303 లాంటివి. వాటి లైసెన్సు కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది. ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉందని తేలిన వాళ్లకే ఇస్తారు. మామూలు పౌరుడి దారి ఎన్‌పీబీయే: .32 రివాల్వర్ లేదా పిస్టల్, .22, .315 రైఫిల్, 12 బోర్ గన్. "9 ఎంఎం పిస్టల్ కావాలి" అని దరఖాస్తులో రాస్తే, విషయం తెలియకుండా వచ్చారని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

సినిమాలు, అమెరికా వార్తలు చూసి చాలామంది దీన్ని హక్కు అనుకుంటారు. అమెరికాలో అది రాజ్యాంగ హక్కే. వ్యక్తిగత రక్షణకు తుపాకీ ఉంచుకోవచ్చని 2008లో హెలర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. న్యూయార్క్‌లో తుపాకీ బయటికి తీసుకెళ్లే లైసెన్సు కావాలంటే ప్రత్యేక కారణం చూపాలన్న నిబంధనను 2022లో బ్రూయెన్ కేసులో కొట్టేసింది. అక్కడ కొట్టేసిన ఆ 'కారణం చూపు' అన్న షరతే మన దగ్గర మొత్తం వ్యవహారానికి వెన్నెముక. చెక్ రిపబ్లిక్‌లో పరీక్ష రాసి పాసైతే ఆత్మరక్షణకు లైసెన్సు ఇస్తారు, ఆయుధంతో ప్రాణం కాపాడుకునే హక్కును 2021లో హక్కుల పత్రంలోనే చేర్చారు. స్విట్జర్లాండ్‌లో కొనడానికి ఒక పర్మిట్, ఒంటిమీద పెట్టుకుని తిరగడానికి ఇంకొకటి. ఆ రెండోదానికే ముప్పు రుజువు చేయాలి, పరీక్ష పాసవ్వాలి. బ్రిటన్‌లో ఉత్తర ఐర్లాండ్ తప్ప మిగతా చోట్ల ఆత్మరక్షణ అన్న కారణమే చెల్లదు, 1997 నుంచి చేతి తుపాకులే దాదాపుగా లేవు. జపాన్‌లో పౌరుడికి ముఖ్యంగా దొరికేది వేటకో, క్రీడకో షాట్‌గన్. రైఫిల్ కావాలంటే మామూలుగా పదేళ్లపాటు షాట్‌గన్ లైసెన్సు ఉండాలి. మనం వీటి మధ్యలో ఎక్కడో ఉన్నాం. ఆత్మరక్షణ అనేది చెల్లే కారణమే, కానీ అది మీకు వర్తిస్తుందని మీరే చూపించాలి. 1993లో అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పులో తుపాకీ లైసెన్సును జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలోకి తెచ్చే ప్రయత్నం చేసింది. తర్వాత అదే కోర్టు ఫుల్‌బెంచ్ దాన్ని పక్కన పెట్టింది. అమెరికాలోలాగా ఆయుధం ధరించే ప్రాథమిక హక్కు ఇక్కడ లేదని 2023లో సుప్రీంకోర్టు కూడా ప్రస్తావించింది. కాబట్టి కౌంటర్ దగ్గర "నా హక్కు" అని వాదించి లాభం లేదు.

అర్హతలో చూసుకోవలసినది ఆయుధాల చట్టం తొమ్మిదో సెక్షన్. 21 ఏళ్లు నిండాలి. హింసకో, నైతిక పతనానికో సంబంధించిన నేరంలో శిక్ష పడితే, శిక్ష ముగిసిన తర్వాత ఐదేళ్లపాటు అర్హత ఉండదు. అందరూ మరిచిపోయేది బైండోవర్. ఊళ్లో గొడవ జరిగినప్పుడో, ఎన్నికలప్పుడో రెండు వర్గాల వాళ్లనీ తహసీల్దారు దగ్గర బైండోవర్ చేస్తారు. సంతకం పెట్టి ఇంటికొచ్చి దాని ఊసే మరిచిపోతారు. శాంతిభద్రతల కోసం రాసిచ్చిన ఆ బాండు గడువు నడుస్తున్నంత కాలం చట్టప్రకారం తుపాకీకి అనర్హులు. గడువు అయిపోయినా స్టేషన్ రికార్డులో ఆ పేరు ఉండిపోతుంది. అలాగే కొట్టేసిన పాత కేసులు. కోర్టులో రాజీ అయిపోయినా, నిర్దోషి అని తేలినా, పోలీసు కంప్యూటర్‌లో ఎఫ్‌ఐఆర్ పెండింగ్ అనే చూపిస్తుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీని ముందే తీసి, స్టేషన్లో ఇచ్చి, రికార్డు సరిచేయించుకున్నాకే దరఖాస్తు పెట్టాలి. విచారణ మధ్యలో ఇది బయటపడితే ఫైలు వెనక్కి వెళ్తుంది. అంతకన్నా చెడ్డది, "వాస్తవం దాచారు" అన్న వాక్యం అందులో పడుతుంది. ఫారంలో తప్పుడు వివరం ఇస్తే, తర్వాత ఎప్పుడైనా లైసెన్సు రద్దు చేయడానికి అదొక్కటే చాలు.

ఇక అసలు విషయం, కారణం చూపడం. 2016 నిబంధనల్లో పన్నెండో నిబంధన ప్రకారం ఎన్‌పీబీ లైసెన్సుకు పరిశీలించే వాళ్లు మూడు రకాలు: వృత్తి, వ్యాపారం, ఉద్యోగం లేదా మరో కారణం వల్ల ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమైన వాళ్లు, షూటింగ్ క్లబ్బులో కనీసం రెండేళ్లుగా చురుగ్గా ఉన్న క్రీడాకారులు, సైన్యంలో, పోలీసులో చేస్తున్న లేదా చేసిన వాళ్లలో ఇలాంటి అవసరం ఉన్నవాళ్లు. మనలాంటి వాళ్లందరూ మొదటి రకంలోకే వస్తారు. "నిజంగా అవసరం" అన్న మాటకు కొలబద్ద ఎక్కడా రాసిలేదు. అది చూసే అధికారి మనసులో ఉంటుంది.

అందుకే దరఖాస్తుకు ముందు తయారు చేసుకోవలసింది ఒక్క పేజీ వినతి, దాని వెనక ఆధారాలు. బెదిరింపు వస్తే ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ఎఫ్‌ఐఆర్ కాకపోయినా జనరల్ డైరీ (స్టేషన్ రోజువారీ పుస్తకం) నంబరైనా ఉండాలి. నగదుతో తిరిగే వ్యాపారమైతే బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ కాగితం. ఊరికి దూరంగా తోటలో కాపురమైతే పట్టాదారు పుస్తకం, స్టేషన్ నుంచి ఇంటికి ఎంత దూరమో, రాత్రిపూట ఎవరెవరు ఉంటారో రాయాలి. పొలం పంటకు జంతువుల బెడద అయితే చట్టం అడిగేది మజిల్ లోడర్, అంటే నాటు గొట్టం తుపాకీ రకం. దానికి రివాల్వర్ అడిగితే పొంతన కుదరదు. చట్టంలో ఇంకో మెట్టు కూడా ఉంది. రక్షణకో, క్రీడకో 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న సాదా బోర్ (గొట్టం లోపల గాడులు లేని) గన్ అడిగిన వాడి విషయంలో పదమూడో సెక్షన్ కాస్త ఉదారంగా మాట్లాడుతుంది. మిగతా వాటికి 'తగిన కారణం' ఉందని అధికారి తృప్తి పడాలి. ఇంటికే రక్షణ కావాలనుకునేవాళ్లు 12 బోర్ డబుల్ బ్యారెల్ అడిగితే దారి కొంత సులువు. నా ఉద్దేశంలో ఇంట్లో వాడకానికి అదే మేలు కూడా. బెదిరించడానికి దాన్ని చూపించడమే సరిపోతుంది. పైగా ఎక్కడ పడితే అక్కడికి మోసుకెళ్లాలన్న బుద్ధి పుట్టదు.

ఏది పని చేయదో కూడా చెప్పాలి. "సమాజంలో నేరాలు పెరిగాయి", "నేను ప్రముఖుణ్ణి", "మా తాతకు ఉండేది" లాంటివి వినతిలో రాస్తే ఎస్సై నుంచి పైదాకా అందరూ "నిర్దిష్టమైన ముప్పు లేదు" అని ఒకే వాక్యం రాస్తారు. ఆదాయపు పన్ను రిటర్నులు చాలా ఆఫీసుల్లో అడుగుతారు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని పద్నాలుగో సెక్షన్‌లోనే ఉంది. అయినా అడిగితే ఇవ్వడమే మంచిది. వ్యాపారం నిజమని చూపడానికి అవే పనికొస్తాయి.

దరఖాస్తు ఫారం ఏ-1. కేంద్ర హోంశాఖ ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో నింపి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, కాగితాలతో కలిపి ఇవ్వాలి. పోలీసు కమిషనరేట్ ఉన్న చోట కమిషనర్ ఆఫీసులో, మిగతా చోట్ల కలెక్టరేట్‌లో. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు, పుట్టిన తేదీ రుజువు, ఆధార్, నివాస రుజువు, వృత్తి కాగితాలు, ఆయుధాన్ని భద్రంగా దాస్తానన్న హామీపత్రం, డాక్టరు సర్టిఫికెట్, శిక్షణ సర్టిఫికెట్ జతచేయాలి. ఫైళ్లు ఎక్కువగా ఆగేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాన్‌లో పొడి అక్షరం. విచారణకు వచ్చిన కానిస్టేబుల్‌కి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. మూడింట్లో ఒకేలా చేయించుకోవాలి, లేదంటే ఒకే వ్యక్తి అని అఫిడవిట్ ముందే జతచేయాలి. అద్దె ఇంట్లో ఉంటే రిజిస్టర్డ్ ఒప్పందంతో పాటు ఓనరు అభ్యంతరం లేదన్న కాగితం పెడితే ఒక ప్రశ్న తగ్గుతుంది. విచారణ నడుస్తుండగా ఇల్లు మారితే స్టేషన్ మారుతుంది, కథ మళ్లీ మొదటికి. కాబట్టి మారే ఆలోచన ఉంటే మారాకే పెట్టండి.

డాక్టరు సర్టిఫికెట్ ఫారం ఎస్-3లో ఉండాలి. మామూలు ఫిట్‌నెస్ చీటీ చెల్లదు. మానసిక, శారీరక ఆరోగ్యంతో పాటు మత్తుపదార్థాలకు అలవాటు లేదని అందులో విడిగా రాయాలి. చాలా చోట్ల ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు సంతకమే కావాలంటారు, కొన్ని చోట్ల మానసిక వైద్యుడి అభిప్రాయం కూడా. శిక్షణ 2016 నుంచి తప్పనిసరి. తుపాకీ ఎత్తడం, దించడం, లోడు, అన్‌లోడు, భద్రపరచడం, తీసుకెళ్లడం, చివర్లో రేంజిలో (కాల్పులు సాధన చేసే చోట) కాల్చడం ఉంటాయి. ఈ శిక్షణను లాంఛనంగా తీసుకునేవాళ్లే ఎక్కువ. అది తప్పు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ గొట్టం ఎటు చూస్తోంది, వేలు ట్రిగ్గర్ మీద ఉందా పక్కన ఉందా, సిలిండర్ (తూటాలు కూర్చే గుండ్రటి భాగం) ఖాళీనా కాదా అన్న మూడూ చూసుకునే అలవాటు అక్కడే పట్టాలి. ఇంట్లో జరిగే ప్రమాదాల్లో "ఖాళీదే అనుకున్నాను" అన్న మాటే వినిపిస్తుంది.

తర్వాత పోలీసు విచారణ. నివేదికకు నిబంధనల్లో 30 రోజుల గడువుంది. గడువు దాటినా నివేదిక కోసం ఆగకుండా అధికారి నిర్ణయం తీసుకోవచ్చని చట్టం చెబుతుంది, కానీ ఆ ధైర్యం చేసే అధికారి అరుదు. నివేదిక లేని ఫైలు మీద సంతకం పడదని అనుకుని నడుచుకోండి. స్టేషన్ నుంచి ఒకరు, స్పెషల్ బ్రాంచ్ (పోలీసు నిఘా విభాగం) నుంచి ఒకరు విడివిడిగా వస్తారు. ఇద్దరి ప్రశ్నలూ ఒకేలా ఉండవు. స్టేషన్ వాళ్లు కేసులు, తగాదాలు, భూమి గొడవలు అడుగుతారు. స్పెషల్ బ్రాంచ్ వాళ్లు ఇరుగుపొరుగు దగ్గర వాకబు చేస్తారు: తాగుతారా, ఇంట్లో అరుపులు వినిపిస్తాయా, భార్యాభర్తల మధ్య గొడవలున్నాయా అని. ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడాలి. విచారణకు వచ్చిన వాళ్ల ముందు "నాకిష్టం లేదండీ, ఆయనే పట్టుబట్టారు" అని ఇల్లాలు అంటే ఆ మాట నివేదికలోకి వెళ్తుంది. వెళ్లాలి కూడా.

లాకర్ ఎక్కడ పెడతారో కూడా చూస్తారు. బీరువా చాలదని కాదు గానీ, గోడకో నేలకో బోల్టులతో బిగించిన చిన్న ఉక్కు పెట్టె ఉంటే ఆ కాలమ్ అక్కడితో పూర్తవుతుంది. బిగించని పెట్టెను దొంగ పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్నకు "ఇంట్లో అందరికీ తెలుసు" అన్నది తప్పు జవాబు. లైసెన్సు మనిషికి గాని ఇంటికి కాదు. మీరు లేనప్పుడు మీ భార్యో కొడుకో దాన్ని తీసి వాడితే అది లైసెన్సు లేని ఆయుధం కిందికే వస్తుంది. మరమ్మతుకో, రెన్యువల్‌కో, మీరు వాడుకోవడానికో మీ సమక్షంలో లేదా మీ రాతపూర్వక అనుమతితో తీసుకెళ్లడం వరకే చట్టం ఒప్పుకుంటుంది.

స్టేషన్, ఏసీపీ లేదా డీఎస్పీ, పైన ఎస్పీ, అక్కడి నుంచి కలెక్టరేట్: ఇదీ ఫైలు దారి. చివర్లో ముఖాముఖి పిలిస్తే రాసిన దానికన్నా ఎక్కువ చెప్పకండి. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి, అడిగితే సంక్షిప్తంగా ఇవ్వాలి. ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇవ్వకూడదనుకుంటేనే మినహాయింపు. ఆ కాగితం తీసుకుని పద్దెనిమిదో సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లొచ్చు. అప్పీలులో కొత్త కథ చెప్పడం కన్నా, ఏ ఆధారాన్ని పట్టించుకోలేదో పేజీ నంబరుతో చూపడం పని చేస్తుంది. "ముప్పు లేదు" అని ఒక్క ముక్కలో రాసిన తిరస్కారాలు కోర్టుల్లో నిలబడకపోవడానికి కారణం అదే.

మంజూరైతే లైసెన్సుకు ఒక యూఐఎన్ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వస్తుంది. అది లేనిది లైసెన్సే కాదు. పుస్తకం చేతికి రాగానే అక్కడే నిలబడి చదవాలి: ఏ రకం ఆయుధం, ఎన్ని తూటాలు ఒకసారికి, ఎన్ని ఏడాదికి, చెల్లుబాటు రాష్ట్రం వరకా దేశమంతటానా, ఎప్పటిలోగా కొనాలి. చెల్లుబాటు ఒక్క రాష్ట్రానికే ఉంటే, సరిహద్దు దాటి పక్క రాష్ట్రంలో పెళ్లికి వెళ్లినప్పుడు మీ నడుముకున్నది నేరమే.

కొనడం రెండు రకాలు. కొత్తదైతే ఎక్కువగా ప్రభుత్వ ఫ్యాక్టరీల సరుకు. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్లు, ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 రైఫిలు, 12 బోర్ గన్ పేరున్నవి. 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన 'నిర్భీక్' అర కిలో బరువు. అప్పట్లో ధర లక్షా ఇరవై వేలు దాటింది. 2023లో వచ్చిన 'ప్రబల్' సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. పాత మోడళ్లలో గొట్టం కిందికి వంగి తెరుచుకునేది. పాతదైతే లైసెన్సున్న వాళ్ల దగ్గర కొనాలి. అమ్మేవాళ్లు ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. డబ్బు చేతులు మారేది ఆ తర్వాతే. 1980ల నుంచి మామూలు పౌరులకు దిగుమతి ఆగిపోయింది కాబట్టి పాత విదేశీ రివాల్వర్లకు విపరీతమైన ధర పలుకుతుంది. ఆ ధర అరుదుదనానికి ఇస్తున్నదే. పనితనం ఆ మేరకు ఉండాలనేమీ లేదు.

డీలరు బల్ల మీద పెట్టినప్పుడు ఏం చూడాలి? ముందు మీరే తెరిచి, ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తూటాను కొట్టే సుత్తిని (హామర్) పూర్తిగా వెనక్కి లాగి, సిలిండర్‌ని రెండు వేళ్లతో పక్కకు కదపండి. వెంట్రుకవాసి కదలిక పర్వాలేదు, టకటకమని ఆడితే వద్దు. అలా ఆడే సిలిండర్‌లో గది, గొట్టం ఒకే వరసకు రావు. తూటా గొట్టం అంచును చెక్కుకుంటూ వెళ్తుంది, సీసపు రవ్వలు పక్కకు చిమ్ముతాయి. ఆరు గదుల్నీ ఒక్కొక్కటిగా ఇలాగే చూడాలి. గొట్టంలోకి వెలుతురు పట్టి చూస్తే గాడులు పదునుగా కనపడాలి. మధ్యలో ఉంగరంలా నల్లటి వలయం కనిపిస్తే ఎప్పుడో ఇరుక్కున్న తూటా మీద ఇంకోటి పేల్చారన్నమాట, గొట్టం ఉబ్బింది. ట్రిగ్గర్ బరువు మన రివాల్వర్లలో ఎక్కువే, దానికి భయపడనక్కర్లేదు. ఫ్రేము మీద కొట్టిన నంబరు, బిల్లు మీది నంబరు, లైసెన్సులో ఎక్కించిన నంబరు మూడూ అక్షరం అక్షరం పోల్చుకోండి. గుమాస్తా 3 బదులు 8 రాస్తే, తనిఖీలో మీ చేతిలో ఉన్నది మీ తుపాకీ కాదు. దిద్దుబాటుకు మళ్లీ దరఖాస్తే. కొన్నాక లైసెన్సులో చెప్పిన గడువులో చూపించి నమోదు చేయించాలి.

తూటాల కొనుగోలు ప్రతిసారీ లైసెన్సు వెనక పేజీలో ఎక్కుతుంది. ఎన్ని కొన్నారు, ఎన్ని కాల్చారు, ఎన్ని మిగిలాయి అన్న లెక్క మీ దగ్గర ఒక పుస్తకంలో కూడా ఉండాలి. కొన్ని జిల్లాల్లో కొత్తవి ఇవ్వాలంటే ఖాళీ ఖోకాలు (తూటా పేలాక మిగిలే తొడుగులు) చూపమంటారు, అందుకే రేంజిలో కాల్చినవి ఏరి తెచ్చుకోండి. పాత తూటాల్లో పేలనివి వస్తాయి. ట్రిగ్గర్ నొక్కితే 'టక్' మని ఊరుకున్నప్పుడు గొట్టాన్ని గురివైపే ఉంచి అర నిమిషం ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. అంతకన్నా ప్రమాదం, శబ్దం మామూలు కన్నా బలహీనంగా వస్తే. తూటా గొట్టంలోనే ఆగిపోయి ఉండొచ్చు. ఇంకోసారి నొక్కకుండా ఖాళీ చేసి గొట్టం చూడాలి.

భద్రపరచడంలో పెద్ద శత్రువు తోలు. తోలు ఒరలో పెట్టి లాకర్లో దాచిన రివాల్వర్ వానాకాలం దాటేసరికి తుప్పు పడుతుంది, ఎందుకంటే తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. ఒర బయటికి వెళ్లేటప్పటికే. లాకర్లో పలుచగా నూనె రాసి, మెత్తటి బట్ట మీద, పక్కన సిలికా జెల్ పొట్లంతో ఉంచాలి. నూనె ఎక్కువైతే సిలిండర్ గదుల్లో నిలిచి తూటా ప్రైమర్‌ని (సుత్తి దెబ్బకు మందును అంటించే భాగం) పాడు చేస్తుంది. తూటాలు వేరే అరలో, వేరే తాళంతో. పిల్లలున్న ఇంట్లో దీనికి మినహాయింపు లేదు. "దొంగ వచ్చినప్పుడు రెండు తాళాలు తీస్తూ కూర్చోవాలా?" అని అడుగుతారు. కూర్చోవాలి. ఆ పది సెకన్లు కావాలంటే గట్టి తలుపు, కుక్క, వీధి దీపం ఇస్తాయి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు లైసెన్సు అసలుది వెంట ఉండాలి, ఆయుధం పైకి కనిపించకుండా ఒరలో ఉండాలి. ప్రత్యేక అనుమతి లేకుండా జాతరలకు, ఊరేగింపులకు, సభలకు, కాలేజీ ఆవరణలోకి తీసుకెళ్లకూడదని లైసెన్సు షరతుల్లోనే ఉంటుంది. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ కింద రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. విమానాశ్రయాల్లో జరిగేది ఇంకోటి: తుపాకీ ఇంట్లోనే ఉంటుంది గానీ, రేంజికి తీసుకెళ్లిన బ్యాగు జేబులో ఒక తూటా ఉండిపోతుంది. ఎక్స్‌రేలో అది కనపడగానే ప్రయాణం ఆగి, కేసు నమోదవుతుంది. తెలియకుండా ఉండిపోయిందని చెప్పి తర్వాత హైకోర్టులో కొట్టేయించుకున్నవాళ్లు ఉన్నారు. కానీ అది లాయరు ఫీజుతో అయ్యే పని. రేంజి బ్యాగు రేంజికే వాడాలి.

ఎన్నికల షెడ్యూలు రాగానే ఆయుధం అప్పగించమని కబురు వస్తుంది. ఎవరెవరు ఇవ్వాలో జిల్లా స్థాయి స్క్రీనింగ్ కమిటీ చూడాలి, అందరినీ ఒకే గాటన కట్టకూడదని కోర్టులు చెప్పాయి. ఆచరణలో దాదాపు అందరూ ఇస్తారు. మినహాయింపు కావాలంటే ముప్పు కాగితాలతో వెంటనే రాయాలి, గడువు దాటాక కాదు. ఇచ్చేటప్పుడు నంబరు, తూటాల సంఖ్య, ఉన్న స్థితి రాసిన రసీదు తీసుకోండి. స్టేషన్ గదిలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి ఆ ఒక్కసారికి నూనె కాస్త దట్టంగా రాసి ఇవ్వండి. లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేసే వీలుంటే అద్దె కట్టైనా అదే మేలు.

ఇన్ని చేసి తెచ్చుకున్నాక దాన్ని వాడే హక్కు ఎంత? లైసెన్సు ఆత్మరక్షణ హక్కును ఒక్క అంగుళం కూడా పెంచదు. చేతిలో కర్ర ఉన్నవాడికి ఉన్న హక్కే మీకూ ఉంటుంది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, ఇంతకుముందు ఐపీసీ 96 నుంచి 106. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే హక్కు లేదు. అవసరానికి మించి హాని చేస్తే హక్కు లేదు. ప్రాణం తీసేదాకా వెళ్లగలిగే సందర్భాలు 38వ సెక్షన్లో ఏడు రాసి ఉన్నాయి: ప్రాణభయం, తీవ్రగాయం భయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటివి. ఆస్తి విషయంలో 41వ సెక్షన్: దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపు ఇంటికి కన్నం, ఇంటికి నిప్పు, ప్రాణభయం కలిగించేలా చొరబాటు. మామూలు దొంగతనం ఇందులో లేదు. బైకు తోసుకుపోతున్నవాణ్ణి కాల్చడానికి చట్టంలో చోటు లేదు. భయం ఉన్నంతసేపే హక్కు. దొంగ వెనక్కి తిరిగి పరుగెత్తాడంటే అది అక్కడితో అయిపోయింది. వీపులో తగిలిన తూటాకు సంజాయిషీ చెప్పడం చాలా కష్టం. ఇంకోవైపు, దాడికి గురైన మనిషి ప్రతిదాన్నీ త్రాసులో తూచి కొట్టాలని ఆశించకూడదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ సూత్రాలన్నీ ఒక చోట పేర్చింది. ఆత్మరక్షణ అని నిరూపించే భారం మీదే, అయితే అలా జరిగి ఉండొచ్చని కోర్టుకు తోచేంత చూపితే చాలు.

కాల్పులు జరిగితే వెంటనే 112కు ఫోన్ చేయాలి. ఖోకాలు ఏరకూడదు, తుపాకీ తుడవకూడదు. ఆయుధం సాక్ష్యంగా ల్యాబుకు వెళ్తుంది, లైసెన్సు సస్పెండ్ అవుతుంది, తిరిగి ఇవ్వడం కోర్టు చేతిలో ఉంటుంది. తూటాల లెక్క పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. పోయినా, దొంగిలించినా అదే రోజు ఫిర్యాదు చేయాలి. రేపు ఆ తుపాకీతో ఎక్కడో నేరం జరిగితే మొదట మీ ఇంటికే వస్తారు.

రెన్యువల్‌కు గడువు ముగిసే రెండు నెలల ముందే పెట్టుకోండి. విచారణ మళ్లీ జరుగుతుంది, కాస్త తేలిగ్గా. గడువు దాటిన లైసెన్సుతో ఇంట్లో ఉన్న తుపాకీ లైసెన్సు లేనిదే. అలాంటప్పుడు స్టేషన్లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు పెట్టుకుని ఆ తర్వాత రెన్యువల్ సంగతి చూసుకోవాలి. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్లు వచ్చినా, ఆయుధం చేతికొచ్చి ఇరవై ఐదేళ్లయినా, బతికుండగానే వారసులకు మార్చే వీలుంది. వారసులు తమ పేరు మీద కొత్త లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి. పెద్దాయన పోయాక బీరువాలో తుపాకీ దొరికిన కుటుంబాలు మాత్రం, లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం పట్టుకుని ముందు దాన్ని డిపాజిట్ చేయాలి. ఉంచుకోవాలా అమ్మాలా అన్నది ఆ రసీదు చేతికి వచ్చాకే తేల్చుకోవచ్చు.